క్వెర్సెటిన్ కోసం ఏది ఎంచుకోవాలి: ఉల్లిపాయా, మునగాకా, టీయా, క్యాప్సూలా?

కోవిడ్ రోజుల్లో జింకు, విటమిన్ సి మాత్రల పక్కన కొత్తగా వినిపించిన పేరు క్వెర్సెటిన్. ఆ భయం తగ్గినా పేరు మాత్రం నిలిచిపోయింది. బీపీకి మంచిదని, అలర్జీకి మంచిదని, యూరిక్ యాసిడ్ తగ్గిస్తుందని, ఇమ్యూనిటీ పెంచుతుందని వాట్సాప్‌లో రోజూ ఏదో ఒకటి వస్తూనే ఉంది. అమలాపురంలోనో భీమవరంలోనో ఉండే మనవాళ్ళు ఆన్‌లైన్‌లో క్యాప్సూళ్ళు తెప్పించుకుంటున్నారు. పెరట్లో మునగచెట్టు ఉండగానే మునగాకు పొడి డబ్బా కొనేవాళ్ళూ ఉన్నారు. "వీటిలో ఏది వాడమంటావు?" అని అడిగే బంధువులు నాకూ చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం, వాళ్ళలాగే ఎటూ తేల్చుకోలేక ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గోదావరి డెల్టాలో ఒక మామూలు ఇంటికి ఎర్ర ఉల్లిపాయ, మునగాకు చాలు. టీని క్వెర్సెటిన్ లెక్కలో వేసుకోకండి. క్యాప్సూల్ అవసరమయ్యేవాళ్ళు చాలా కొద్దిమంది, వాళ్ళు కూడా డాక్టరుకు చెప్పే వేసుకోవాలి. ఈ అభిప్రాయానికి ఎలా వచ్చానో చెబుతాను. మీ ఇంటి పరిస్థితి వేరైతే మీ నిర్ణయమూ వేరుగా ఉండొచ్చు.

ముందు ఎంత ఆశించాలో తెలుసుకోవాలి

క్వెర్సెటిన్ ఫ్లేవనాయిడ్లు అనే మొక్కల పదార్థాల కుటుంబానికి చెందినది. విడదీస్తే పసుపు రంగు పొడిలా ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి ఆకునూ కాయనూ కాపాడే పదార్థాల్లో ఇదొకటి. ఇది విటమిన్ కాదు. తక్కువైందని ఏ జబ్బూ రాదు. అందుకే రోజుకు ఇంత తినాలన్న ప్రామాణిక మోతాదు కూడా లేదు. "నాకు క్వెర్సెటిన్ లోపం ఉందేమో" అని ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు.

దీనివల్ల లాభం ఉందనడానికి కాస్త గట్టి ఆధారం బీపీ విషయంలోనే కనిపిస్తుంది. 2016లో వచ్చిన ఒక విశ్లేషణలో ఏడు ప్రయోగాలను, మొత్తం 587 మందిని కలిపి లెక్క చూశారు. పై బీపీ సగటున 3 పాయింట్లు, కింది బీపీ రెండున్నర పాయింట్లకు కాస్త ఎక్కువ తగ్గాయి. ఆ తగ్గుదల కూడా రోజుకు 500 మి.గ్రా. లేదా అంతకు మించి ఇచ్చిన ప్రయోగాల్లోనే స్పష్టంగా కనిపించింది. 2007లో అమెరికాలో జరిగిన ఒక చిన్న ప్రయోగంలో బీపీ ఉన్నవాళ్ళకు రోజుకు 730 మి.గ్రా. చొప్పున నాలుగు వారాలు ఇచ్చారు. వాళ్ళకు పై బీపీ 7, కింది బీపీ 5 పాయింట్లు తగ్గాయి. బీపీ ఇంకా సరిహద్దు దగ్గరే ఉన్నవాళ్ళకు మాత్రం ఏ మార్పూ రాలేదు.

మూడు పాయింట్లంటే తీసిపారేసే విషయం కాదు. అలాగని 160 ఉన్న మనిషికి 157 వస్తే మాత్ర మానేసేంత విషయమూ కాదు. ఆవకాయ, ఎండుచేప, ఉప్పుచేప ఇష్టంగా తినే మన ప్రాంతంలో బీపీ తగ్గాలంటే ముందు చూడాల్సింది ఉప్పు. రోజుకు మొత్తం 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ పని చేయకుండా క్యాప్సూల్ కొనడం డబ్బు దండగని నా గట్టి నమ్మకం.

ఇమ్యూనిటీ మాట కొస్తే, 2010లో వచ్చిన ఒక పెద్ద ప్రయోగంలో వెయ్యిమందికి పన్నెండు వారాలపాటు రోజుకు 500 లేదా 1000 మి.గ్రా. ఇచ్చారు. జలుబు, గొంతునొప్పి లాంటివి రావడంలో మందు వేసుకున్నవాళ్ళకూ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకూ మొత్తం మీద తేడా కనిపించలేదు. నలభై దాటి, తమకు మంచి ఫిట్‌నెస్ ఉందని చెప్పుకున్నవాళ్ళలో 1000 మి.గ్రా. మోతాదుకు మాత్రం కాస్త లాభం కనిపించింది. యూరిక్ యాసిడ్ మీద 2016లో బ్రిటన్‌లో 22 మంది మగవాళ్ళతో ఒక ప్రయోగం చేశారు. రోజుకు 500 మి.గ్రా. చొప్పున నాలుగు వారాలు ఇస్తే కొంచెం తగ్గింది. కానీ వాళ్ళెవరూ గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల కీళ్ళు వాచే జబ్బు) రోగులు కాదు, యూరిక్ యాసిడ్ కాస్త పైహద్దులో ఉన్న ఆరోగ్యవంతులు. కాన్సర్‌ను ఆపుతుందన్న మాటలు ల్యాబ్‌లో కణాల మీద, జంతువుల మీద చూసినవాటి నుంచి వచ్చాయి. మనుషుల్లో అది రుజువు కాలేదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2011లో ఈ ఆరోగ్య ప్రచారాలను పరిశీలించి, కార్యకారణ సంబంధం తేలలేదని చెప్పింది.

దేన్ని చూసి ఎంచుకోవాలి

నేను అన్నిటికన్నా ముందు చూసేది ఒంటికి ఎంత పడుతుందన్నది. ఒక పదార్థంలో ఎంత ఉందన్న అంకెను అందరూ చెబుతారు. పేగు నుంచి రక్తంలోకి ఎంత వెళ్తుందో చెప్పేవాళ్ళు తక్కువ. మొక్కల్లో క్వెర్సెటిన్ ఒంటరిగా ఉండదు, ఏదో ఒక చక్కెర అణువుకు అంటుకుని ఉంటుంది. ఆ చక్కెర ఏదన్నదాన్ని బట్టి అరుగుదల మారిపోతుంది. 1995లో నెదర్లాండ్స్ పరిశోధకులు పెద్దపేగు తీసేసిన తొమ్మిదిమందితో చేసిన ప్రయోగం దీనికి చక్కటి ఆధారం. ఉల్లిపాయలోని గ్లూకోజ్ అంటుకున్న రకంలో 52 శాతం లోపలికి వెళ్ళింది. ఏ చక్కెరా లేని శుద్ధ క్వెర్సెటిన్‌లో వెళ్ళింది 24 శాతమే. టీలో కూడా ఉండే రూటిన్ అనే రకంలో 17 శాతమే.

రెండోది, రోజూ తినగలమా లేదా. క్వెర్సెటిన్ రక్తంలో సగానికి తగ్గడానికి అటూఇటుగా పదకొండు నుంచి ఇరవైఎనిమిది గంటలు పడుతుంది. అంటే రోజూ కొంచెం కొంచెం తింటే రక్తంలో ఎంతోకొంత నిలబడుతుంది. నెలకోసారి పెద్ద ఎత్తున తింటే ప్రయోజనం లేదు. దేన్ని రోజూ విసుగు లేకుండా తినగలమో అదే మంచి ఎంపిక.

ఆ తర్వాత దాని వెంట ఇంకేం వస్తాయో చూడాలి. పీచు, ఐరన్, కాల్షియం రావొచ్చు. నూనె, చక్కెర కూడా రావొచ్చు. చివరగా, మీరు ఇప్పటికే వాడుతున్న మందులతో దానికి పడుతుందా అన్నది. ఇంట్లో అరవై దాటినవాళ్ళు ఉంటే ఈ చివరిదాన్నే మొదట చూడండి.

ఉల్లిపాయ

డెల్టాలో ఉల్లి పెద్దగా పండదు, కానీ కొరతా లేదు. కర్నూలు ఉల్లి, మహారాష్ట్ర ఉల్లి తాడేపల్లిగూడెం మార్కెట్‌కు వచ్చి అక్కడి నుంచి ఊరూరా చేరుతుంది. మామూలు పచ్చి ఉల్లిపాయలో 100 గ్రాములకు సుమారు 20 మి.గ్రా., బాగా ఎర్రటి రకంలో 40 మి.గ్రా. దాకా క్వెర్సెటిన్ ఉంటుంది. తెల్ల ఉల్లిపాయలో చాలా తక్కువ. కాబట్టి మార్కెట్లో రెండూ ఉంటే ముదురు రంగున్నదే తీసుకోండి.

అంకె చిన్నదే అయినా ఒంటికి పట్టడంలో ఉల్లిని మించింది ఇక్కడ లేదు. తిన్న గంటలోపే రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. రూటిన్ రకం పెద్దపేగులోని బ్యాక్టీరియా చక్కెరను విడగొట్టేదాకా ఆగాలి, అందుకు చాలా గంటలు పడుతుంది.

ఇక మన వంటింట్లో పారేసుకునే సంగతి. క్వెర్సెటిన్ ఉల్లిపాయ పై పొరల్లోనే ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తగ్గుతుంది. ఎండు పొట్టు తీశాక తొందరలో ఇంకో రెండు కండ పొరలు కూడా ఒలిచి పారేస్తాం. ఆ రెండు పొరలతో ఐదో వంతు దాకా పోతుంది. ఎండు పొట్టు మాత్రమే తీసి, కింద వేరు భాగాన్ని పలచగా కోస్తే చాలు. ఖర్చు లేని లాభం ఇది.

వండితే పోతుందా? వేడికి ఇది బాగానే తట్టుకుంటుంది. ఉడికించినప్పుడు కొంత నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళు పారబోస్తేనే నష్టం. మన ఉల్లిపాయ పులుసు, చేపల పులుసు, పప్పుచారు ఈ విషయంలో ఎంతో మేలైన వంటలు, దిగిన నీరు ఎక్కడికీ పోదు, అన్నంలోనే కలుస్తుంది. ఉల్లిని నల్లగా మాడేదాకా వేయిస్తే మాత్రం తగ్గుతుంది. క్వెర్సెటిన్ నీటిలో సరిగా కరగదు, భోజనంలో కాస్త కొవ్వు ఉంటే అరుగుదల మెరుగవుతుంది. తాలింపులో వేసే రెండు చెంచాల నూనె అందుకు సరిపోతుంది. ఉల్లి పకోడీని ఈ లెక్కలోకి తీసుకురావద్దు.

పొద్దున్నే చద్దన్నంలో పెరుగు, పచ్చిమిరపకాయ, పచ్చి ఉల్లిపాయ పెట్టుకుని పొలం వెళ్ళే అలవాటు మన పెద్దవాళ్ళది. ఒక మధ్యరకం ఉల్లిపాయ 100 గ్రాములనుకుంటే అక్కడే 20 నుంచి 40 మి.గ్రా. వచ్చేస్తుంది. మధ్యాహ్నం కూరలో, పులుసులో ఇంకొంత. పెసరట్టు మీద ఉల్లితరుగు దట్టంగా వేసుకున్నా ఇదే లాభం.

ఉల్లికి ఉన్న ఇబ్బంది గ్యాస్. అందులోని ఫ్రక్టాన్ అనే పీచు కొందరికి కడుపు ఉబ్బరం తెస్తుంది, గుండెల్లో మంట ఉన్నవాళ్ళకు పచ్చిది అసలు పడదు. మెత్తగా ఉడికించిన ఉల్లి చాలామందికి కొంత నయంగా ఉంటుంది. అదీ పడకపోతే మునగాకు చూడండి. ఉల్లి తినని ఇళ్ళవాళ్ళకూ అదే దారి.

మునగాకు

ఆషాఢంలో మునగాకు తినాలన్న ఆనవాయితీ మన దగ్గర ఇంకా ఉంది. నా కోరిక ఏమిటంటే ఆ ఒక్క నెలతో ఆపకుండా వారానికి రెండు మూడుసార్లు వండుకోవాలని. పెరడు ఉన్నవాళ్ళకు కొమ్మ పాతితే బతికే చెట్టు ఇది. లేదా కడియం నర్సరీల నుంచి ఒక మొక్క తెచ్చి గట్టు మీద పెట్టుకోవచ్చు. నీళ్ళు నిలిచే చోట మాత్రం వేరు కుళ్ళుతుంది. వరి చేల మధ్య ఇళ్ళున్నవాళ్ళు కాస్త ఎత్తైన చోటు చూసుకోవాలి.

పచ్చి మునగాకులో 100 గ్రాములకు క్వెర్సెటిన్ ఎంత అన్నదానికి ఒకే అంకె లేదు. అమెరికా ఆహార పదార్థాల పట్టికలో 16 మి.గ్రా. చుట్టూ ఉంటే, ఫిజీ దీవుల ఆకుకు 100 మి.గ్రా. దాకా చెప్పారు. రకం, ఆకు వయసు, తగిలిన ఎండ, అన్నిటిని బట్టీ మారుతుంది. ఏ లెక్కన చూసినా ఉల్లిపాయకు దగ్గరగానో పైనో ఉంటుంది. ఇందులోదీ ఎక్కువ భాగం గ్లూకోజ్ అంటుకున్న రకమే, కొంత రూటిన్ కూడా ఉంటుంది. దాంతోపాటు కెంఫెరాల్ అనే మరో ఫ్లేవనాయిడ్ వస్తుంది. ఒంటికి ఎంత పడుతుందన్నదాని మీద మనుషుల్లో జరిగిన పరిశోధన ఉల్లి మీద జరిగినంత లేదు. అందుకే ఆ ఒక్క కొలతలో ఉల్లికే మొదటి స్థానం ఇస్తాను.

కానీ వెంట వచ్చేవాటిలో మునగాకుకు సాటి లేదు. 100 గ్రాముల పచ్చి ఆకులో 300 మి.గ్రా.కు పైగా కాల్షియం, 4 మి.గ్రా.కు పైగా ఐరన్, 6 గ్రాముల దాకా ప్రోటీన్, దండిగా బీటా కెరోటిన్ ఉంటాయి. తెల్లన్నమే ప్రధానంగా తినే మన పళ్ళేనికి సరిగ్గా లేనివి ఇవే. అందుకే క్వెర్సెటిన్ సంగతి పూర్తిగా పక్కన పెట్టినా మునగాకు తినమనే చెబుతాను.

ఎలా వండాలన్నది మన ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. మునగాకు పప్పు సులువు. గోదావరి జిల్లాల తెలగపిండి మునగాకు కూర అన్నిటికన్నా మేలు. నువ్వుల నూనె తీయగా మిగిలిన తెలగపిండిలో ప్రోటీన్, కాస్త కొవ్వు రెండూ ఉంటాయి. బాలింతలకు పాలు పడతాయని ఈ కూర పెడతారు. ఆకును విడిగా ఉడికించి నీళ్ళు వార్చే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది, చేదు పోవడానికని. దాంతో క్వెర్సెటిన్‌లోనూ విటమిన్ సి లోనూ మంచి భాగం పోతుంది. లేత ఆకు దూసుకుంటే చేదు తక్కువ, వార్చాల్సిన పని ఉండదు.

పొడి సంగతి. ఆకు ఎండితే నీరు పోయి అన్నీ చిక్కబడతాయి కనుక గ్రాముకు గ్రాము చూస్తే పొడిలో ఎక్కువే ఉంటుంది. అయితే మనం అన్నంలో కలుపుకునేది ఐదు, ఆరు గ్రాములు. పెరట్లో చెట్టు ఉంటే ఆకును నీడలో ఆరబెట్టి, ధనియాలు, ఎండుమిర్చి, మినప్పప్పు వేయించి ఇంట్లోనే పొడి కొట్టుకోండి. కొన్న డబ్బాలో ఆకు ఎంత పాతదో, ఎలా ఎండబెట్టారో మనకు తెలియదు. చెట్టు లేని అపార్ట్‌మెంటువాళ్ళకు మాత్రం కొన్నదీ మంచి ప్రత్యామ్నాయమే.

టీ

టీ పేరు ఇక్కడ ఎందుకొచ్చిందంటే, ఫ్లేవనాయిడ్ల మీద లోకమంతా దృష్టి పెట్టేలా చేసిన అధ్యయనంలో టీదే పెద్ద పాత్ర. 1993లో నెదర్లాండ్స్‌లోని జుట్‌ఫెన్ పట్టణంలో 65 నుంచి 84 ఏళ్ళ మధ్య ఉన్న 805 మంది మగవాళ్ళ వివరాలు ప్రచురించారు. వాళ్ళు రోజుకు సగటున 26 మి.గ్రా. ఫ్లేవనాయిడ్లు తీసుకునేవారు. అందులో 61 శాతం టీ నుంచి, 13 శాతం ఉల్లి నుంచి, 10 శాతం యాపిల్ నుంచి వచ్చేది. ఎక్కువ తీసుకున్నవాళ్ళలో గుండెజబ్బు మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. తర్వాత 1997లో వేల్స్‌లోని కేర్‌ఫిలీ మగవాళ్ళలో ఇదే చూస్తే అలాంటి లాభమేమీ కనబడలేదు. అక్కడివాళ్ళు మనలాగే పాలు పోసుకుని టీ తాగుతారు. పాలే కారణమేమో అన్న అనుమానం అప్పుడు వచ్చింది. 2001లో నేరుగా పరీక్షించి చూస్తే, పాలు కలిపినా క్వెర్సెటిన్ లాంటివి రక్తంలోకి వెళ్ళడంలో తేడా రాలేదు. కాబట్టి తప్పు పాలమీద నెట్టడానికి లేదు. ఎవరు ఏం తింటున్నారో, ఎవరికి ఏమైందో గమనించడం వరకే చేసే ఇలాంటి అధ్యయనాల్లో టీ తాగేవాళ్ళ మిగతా అలవాట్లు కూడా కలిసిపోతాయి. ఒక ఊళ్ళో కనిపించింది ఇంకో ఊళ్ళో కనిపించకపోవడానికి అదీ ఒక కారణం.

మన లెక్కకు వద్దాం. 100 మి.లీ. డికాషన్‌లో క్వెర్సెటిన్ 2 మి.గ్రా. చుట్టూ ఉంటుంది. కొట్టు దగ్గర తాగే చిన్న గ్లాసులో సగానికి పైగా పాలే. అంటే గ్లాసుకు ఒకటి, రెండు మి.గ్రా. కూడా కష్టం. రెండు చెంచాల పంచదార ఉచితంగా వస్తుంది. నాలుగు టీలు తాగి సంపాదించే క్వెర్సెటిన్ పావు ఉల్లిపాయలో దొరుకుతుంది.

పైగా టీలోని పాలీఫినాల్స్ అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఐరన్‌ను పట్టుకుని ఒంటికి అందనివ్వవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. భోజనం అవ్వగానే టీ తాగే అలవాటు ఉన్న ఆడవాళ్ళు కనీసం గంట ఆగండి. ఇష్టం కొద్దీ టీ తాగండి, ఆరోగ్యం కోసమని పెంచకండి.

కొత్తిమీర, జామ, యాపిల్

కొత్తిమీరలో 100 గ్రాములకు 50 మి.గ్రా.కు పైగా క్వెర్సెటిన్ ఉంది. చారు మీద చల్లే నాలుగు రెమ్మలతో ఏమీ రాదు కానీ, కొత్తిమీర పచ్చడి చేసుకుంటే మనిషికి పాతిక గ్రాములు పడుతుంది, పన్నెండు మి.గ్రా. పైన వస్తుంది. ఉల్లికి తోడుగా మంచిది.

యాపిల్‌లో ఉండేది 100 గ్రాములకు 4 మి.గ్రా., అదీ ఎక్కువగా తొక్కలో. దీనికోసమే అంత ఖర్చు పెట్టడం నాకు నచ్చదు. జామకాయ విటమిన్ సి కోసం తినండి, క్వెర్సెటిన్ ఆకులో ఉన్నంత కాయలో ఉండదు. రావులపాలెం అరటిపండులో దాదాపు లేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. కోనసీమ పెరళ్ళలో కాసే పంపర పనసలో ఉండేది వేరే ఫ్లేవనాయిడ్, నారింజిన్. దానితోపాటు ఫ్యూరనోకూమరిన్స్ అనే పదార్థాలు కూడా ఆ పండులో ఉంటాయి. కొన్ని మందులను శరీరం విరగ్గొట్టే ఎంజైమును అవి అడ్డుకుంటాయి. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వాడేవాళ్ళు, కిడ్నీ మార్పిడి తర్వాత సైక్లోస్పోరిన్ వాడేవాళ్ళు పంపర పనస తినే ముందు డాక్టరును అడగాలి.

క్యాప్సూల్

ఎక్కువగా అమ్మేది 500 మి.గ్రా. క్యాప్సూల్. ఉల్లిపాయలతో అంత మోతాదు రావాలంటే కిలో పావు నుంచి రెండున్నర కిలోలు తినాలి. తిండితో అందనంత మోతాదు ఇస్తుందన్నది క్యాప్సూల్‌కున్న అసలు బలం. బీపీ ప్రయోగాల్లో ఫలితం కనిపించింది ఆ మోతాదుకే కనుక, దాన్ని పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు.

కానీ సీసా మీద రాసిన 500 అంతా రక్తంలోకి పోదు. చాలా క్యాప్సూళ్ళలో ఉండేది చక్కెర అంటని శుద్ధ రకం. అరుగుదలలో అది ఉల్లి కన్నా వెనకబడి ఉందని పైన చూశాం. లెసిథిన్ లాంటి కొవ్వుతో కలిపి చేసినవి ఇంకా బాగా పడతాయి, ధర కూడా ఆ మేరకు ఎక్కువ. మామూలు రకమైతే ఖాళీ కడుపున కాకుండా భోజనంతో వేసుకోవడం మేలు. నెల ఖర్చు బ్రాండును బట్టి వందల్లో మొదలై వేలల్లోకి వెళ్తుంది. అదే డబ్బుతో ఇంటిల్లిపాదికీ నెలంతా ఆకుకూరలు, ఉల్లిపాయలు వచ్చేస్తాయి.

భద్రత విషయంలో, ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళు కొన్ని వారాలు 500 నుంచి 1000 మి.గ్రా. దాకా వాడిన ప్రయోగాల్లో పెద్ద ఇబ్బందులు కనిపించలేదు. కొందరికి తలనొప్పి, కాళ్ళు చేతుల్లో తిమ్మిరి వచ్చాయి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2010లో ఆహార పదార్థాల్లో ఒక్కో వడ్డనకు 500 మి.గ్రా. దాకా కలపడానికి అభ్యంతరం చెప్పలేదు. ల్యాబ్ పరీక్షల్లో జన్యువుల మీద ప్రభావం కనిపించడంతో కాన్సర్ కారకమేమో అన్న ప్రశ్న ఒకప్పుడు వచ్చింది. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1999లో దీన్ని మనుషుల్లో కాన్సర్ కారకమని వర్గీకరించలేని మూడో గ్రూపులో పెట్టింది. ఏళ్ళ తరబడి రోజూ వేసుకుంటే ఏమవుతుందో చెప్పే పెద్ద ప్రయోగాలు జరగలేదు. మునగాకునూ ఉల్లినీ తరాలుగా తింటున్నాం, కానీ రోజుకు అర గ్రాము శుద్ధ క్వెర్సెటిన్ ఎవరూ తరాలుగా తినలేదు.

అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించేది మందులతో కలిసినప్పటి సంగతి. పెద్ద మోతాదు క్వెర్సెటిన్ పేగుల్లో మందులను అటూ ఇటూ మోసే ప్రోటీన్ల పనిని, కాలేయపు ఎంజైముల పనిని మార్చగలదు. అలర్జీకి వేసుకునే ఫెక్సోఫెనడిన్‌తో కలిపి ఇచ్చినప్పుడు ఆ మందు రక్తంలో సగానికి పైగా పెరిగిందని మనుషుల్లోనే చూశారు. క్వెర్సెటిన్‌ను అమ్మేది కూడా అలర్జీ పేరు మీదే కాబట్టి ఈ రెండూ ఒకే ఇంట్లో కలిసే అవకాశం ఎక్కువ. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది), డిజాక్సిన్ (గుండెకు ఇచ్చేది), సైక్లోస్పోరిన్ లాంటి మందులు వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా దీని జోలికి పోకూడదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు పెద్ద మోతాదు సురక్షితమని చెప్పే ఆధారం లేదు. కిడ్నీ ముందే దెబ్బతిన్నవాళ్ళకు హాని పెరగొచ్చని జంతువుల మీద చేసిన ప్రయోగాలు సూచిస్తున్నాయి.

ఒక్క చోట చూడాలనుకుంటే

| | ఒక పూట తినేది | వచ్చే క్వెర్సెటిన్ | ఒంటికి పట్టడం | వెంట వచ్చేవి | ఎవరు జాగ్రత్త |
|---|---|---|---|---|---|
| ఎర్ర ఉల్లిపాయ | 100 గ్రా. | 20–40 మి.గ్రా. | చాలా బాగా | పీచు | గ్యాస్, గుండెల్లో మంట |
| మునగాకు | 50 గ్రా. పచ్చి ఆకు | 8–50 మి.గ్రా. | బాగానే, పరిశోధన తక్కువ | కాల్షియం, ఐరన్, ప్రోటీన్ | వార్ఫరిన్ వాడేవాళ్ళు |
| కొత్తిమీర పచ్చడి | 25 గ్రా. ఆకు | 12–13 మి.గ్రా. | మధ్యస్థం | విటమిన్లు | ఉప్పు ఎక్కువ వేసుకునేవాళ్ళు |
| పాల టీ | చిన్న గ్లాసు | 1–2 మి.గ్రా. లోపు | తక్కువ | పంచదార | రక్తహీనత, షుగర్ |
| క్యాప్సూల్ | ఒకటి | 500 మి.గ్రా. | రకాన్ని బట్టి | ఏమీ లేవు | మందులు వాడేవాళ్ళు, గర్భిణులు, కిడ్నీ రోగులు |

మీ ఇంట్లో ఎవరికి ఏది

ముప్పై, నలభై ఏళ్ళు, జబ్బులేమీ లేవు, ఇమ్యూనిటీ కోసం ఏదైనా వాడదామనుకుంటున్నారా? క్యాప్సూల్ వద్దు. రోజూ భోజనంలో ఒక ఉల్లిపాయ, వారానికి రెండు మూడుసార్లు మునగాకు చాలు.

యాభై దాటి బీపీ మాత్ర వేసుకుంటున్నవాళ్ళకు తిండి విషయంలో ఇదే సలహా, ఉప్పు తగ్గించడం దానికి ముందు. క్యాప్సూల్ వాడి చూడాలని గట్టిగా అనిపిస్తే డాక్టరుకు చెప్పి మొదలుపెట్టండి. రెండు నెలలు ఇంట్లోనే రోజూ ఒకే వేళకు బీపీ చూసి రాసుకోండి. తేడా లేకపోతే ఆపేయండి. మాత్ర మానేసి దీని మీద ఆధారపడటం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. పక్షవాతం వచ్చాక వెనక్కి తీసుకోలేని నిర్ణయం అది.

రక్తహీనత ఉన్న ఆడవాళ్ళకు, ఎదిగే ఆడపిల్లలకు మునగాకే మొదటి ఎంపిక. పప్పులో నిమ్మరసం పిండుకుంటే ఐరన్ ఇంకా బాగా అందుతుంది. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే అవి మానకూడదు, మునగాకు వాటికి తోడు మాత్రమే. గర్భిణులకు కూర పరిమాణంలో ఉల్లి, ఆకుకూరలు మంచివే. పొడులు, క్యాప్సూళ్ళు సొంతంగా మొదలుపెట్టొద్దు.

షుగర్ ఉన్నవాళ్ళకు క్వెర్సెటిన్ వల్ల షుగర్ తగ్గుతుందని మనుషుల్లో గట్టిగా తేలలేదు. అన్నం కొలత తగ్గించి ఆ చోటును మునగాకు పప్పుతో నింపడం వల్ల వచ్చే లాభం అంతకన్నా పెద్దది. షుగర్ మాత్రలకు తోడుగా గుప్పెళ్ళకొద్దీ మునగాకు పొడి నీళ్ళలో కలుపుకుని తాగేవాళ్ళున్నారు. అలా ఒక్కసారిగా పెంచితే షుగర్ మరీ పడిపోయిందేమో చూసుకుంటూ ఉండాలి.

గుండె ఆపరేషన్ అయి వార్ఫరిన్ వాడేవాళ్ళకు మునగాకులోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. పూర్తిగా మానాల్సిన పని లేదు కానీ, ఒక వారం ఎక్కువ, ఒక వారం అసలు లేకుండా తినకూడదు. ఎంత తింటున్నారో అంతే నిలకడగా తింటూ, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐ.ఎన్.ఆర్. పరీక్ష సమయానికి చేయించుకోవాలి. వీళ్ళకు ఉల్లిపాయ మంచి దారి, క్యాప్సూల్ పూర్తిగా వద్దు.

యూరిక్ యాసిడ్‌తో బొటనవేలు వాచేవాళ్ళు డెల్టాలో తక్కువేం లేరు. రొయ్యలు, చేపలు, కల్లు తగ్గించకుండా ఏ క్యాప్సూలూ వాళ్ళను కాపాడదు. డాక్టరు మందు మొదలుపెట్టమంటే అది వాడుతూ, ఉల్లిపాయ పులుసు ఎంత కావాలంటే అంత తినొచ్చు.

అపార్ట్‌మెంటులో ఒంటరిగా ఉంటూ వంటకు తీరిక లేనివాళ్ళు పెరుగన్నంలోకి ఒక పచ్చి ఉల్లిపాయ కోసుకోండి, మునగాకు కారప్పొడి సీసా ఒకటి దగ్గర పెట్టుకోండి. పొడి కొనేటప్పుడు తయారైన తేదీ చూసి, ఆకుపచ్చ రంగు గోధుమ రంగులోకి తిరగనిదే తీసుకోండి.